సంతకం పెట్టినంత మాత్రాన దావా పోదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఆరేళ్ల లాబ్రడార్‌కు పొట్టలో, ఛాతీలో నీరు చేరింది. నల్లగొండలో ఒక ప్రైవేటు పశువైద్యశాలలో నీరు తీసి, ఛాతీకి ట్యూబు పెట్టి సాయంత్రమే ఇంటికి పంపారు. రాత్రంతా మెడ చాచి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి కూర్చునే ఉంది, పడుకోలేకపోయింది. రెండుసార్లు ఫోన్ చేస్తే 'మామూలే, పొద్దున తీసుకురండి' అన్నారు. తెల్లారేసరికి చనిపోయింది. బిల్లు 32 వేలు. 'ఫారం మీద సంతకం పెట్టారు కదా' అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే 'చనిపోయింది కాబట్టి డాక్టరుదే తప్పు' అంటే నిలవదు. ఫలితం చెడినంత మాత్రాన నిర్లక్ష్యం కాదని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. అవతలి లాయరు మొదట తీసేది దాన్నే. సూది ఊపిరితిత్తికి తగిలి గాలి లీకవడం, రక్తస్రావం, పొట్టలో నీరు ఒక్కసారిగా ఎక్కువ తీస్తే బీపీ పడిపోవడం, ఇవన్నీ జాగ్రత్తగా చేసినా రావచ్చు. వాటి మీద వాదిస్తే మీకే నష్టం.

మీ బలమంతా ఆ రాత్రిలో ఉంది. ఛాతీలో ట్యూబు ఉన్న కుక్కను కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేకుండా వదలకూడదు. ట్యూబును మూసి ఉంచే క్లిప్పు ఊడినా, కుక్క ట్యూబు కొరికినా బయటి గాలి లోపలికి పోయి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. అలాంటి కుక్కను ఇంటికెందుకు పంపారు? ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తుకు రావాలో చెప్పారా? మెడ చాచి, పడుకోలేక కూర్చోవడం ఊపిరి ఆడట్లేదనడానికి గుర్తు, అలా ఉందని ఫోన్ చేస్తే పొద్దున దాకా ఆగమన్నారెందుకు? సంతకం మీకు చెప్పిన ప్రమాదాలకే వర్తిస్తుంది, తర్వాతి నిర్లక్ష్యానికి కాదు. ఫారం ఇంగ్లీషులో ఉండి చదివి వినిపించకపోతే అదీ రాయండి.

కుక్కను పాతిపెట్టేశారా లేదా మీరు రాయలేదు. పాతిపెట్టేస్తే పోస్ట్‌మార్టం దారి దాదాపు మూసుకున్నట్టే. అప్పుడు ఎక్స్‌రే, ఎంత నీరు తీశారో రాసిన కేస్‌షీటు, ట్యూబు ఫోటోలు, మీ కాల్ లిస్టు, వీటన్నిటినీ చూసి మరో పశువైద్యుడు ఇచ్చే అభిప్రాయమే ఆధారం.

నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. అందరికీ ఉచితంగా చూసే ప్రభుత్వ ఆసుపత్రి అయితే ఈ దారి ఉండేది కాదు. డాక్టరు ప్రవర్తన మీద రాష్ట్ర పశువైద్య మండలికి కూడా రాయొచ్చు, కాకపోతే అక్కడ పరిహారం రాదు. పోలీసు స్టేషన్ చుట్టూ తిరగకండి. జంతువును చంపిన నేరానికి ఉద్దేశం గానీ, తెలిసే చేశారని గానీ రుజువు కావాలి, ఇక్కడ అది లేదు.

పరిహారం సంగతి మొహమాటం లేకుండా చెబుతున్నా. మీకది ఇంట్లో మనిషే, చట్టం దృష్టిలో మాత్రం ఆస్తి. బిల్లు, మానసిక వేదనకు కొంత, ఖర్చులు అడగండి. ఇరవై లక్షలు అడిగితే కేసు బరువు తగ్గుతుంది.

ముందు కేస్‌షీటు నకలు కావాలని స్పీడ్ పోస్టులో అడగండి. అందులో మీ రాత్రి ఫోన్ల ప్రస్తావన ఉందో లేదో చూశాక నోటీసు రాద్దాం.