ముంపు ఊళ్ళ గురించి నువ్వడిగావు కాబట్టి

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. "డాలస్‌లో మనవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం, పోలవరం నిర్వాసితుల కోసం ఏదో ఒకటి చెయ్యాలి మావయ్యా, పిటిషన్ పెడదామా, ఎంపీలని ట్యాగ్ చేద్దామా" అన్నావు. నువ్వు అడగడమే నాకు సంతోషం. నేను ఈ పని పదిహేనేళ్ళుగా చేస్తున్నాను. అందులో సగం కాలం తెలియక చేసిందే. కాబట్టి నా మాటల్లో కొన్ని నా తప్పుల లెక్కలు కూడా ఉంటాయి, భరించు.

ముందు మన సంగతి మనం తేల్చుకుందాం. మా నాన్నగారి పొలం ముంపులో పోయింది. నిజమే. పరిహారం వచ్చింది, దాంతో అన్నయ్య రాజమండ్రిలో ఇల్లు కట్టాడు. మనకి పోయింది పొలమూ, గండిపోచమ్మ గుడి దగ్గర నీ చిన్నప్పటి వేసవి సెలవులూ. పక్క గూడెంలో కొండరెడ్లనే గిరిజనులకి పోయింది వేరే. చింతపండు, ఇప్పపువ్వు, తునికాకు, జీలుగు చెట్టు, పోడు, మేకలు మేసే కొండవాలు. వీటికి ఏ కాగితంలోనూ రేటు ఉండదు. పైగా ఏజెన్సీలో గిరిజనేతరుడి పొలం అనగానే, అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదనే 1/70 చట్టం గుర్తొస్తుంది. మన పట్టా అంతకు ముందుదేనని ఇంట్లో చెప్పుకుంటాం. అక్కడి కోయ పెద్దమనిషి అలా చెప్పుకోడు. అందుకని మైకు పట్టుకుని "మా భూమి, మా జనం" అనేముందు ఒక్క క్షణం ఆగు. నన్ను ఒకసారి ఒకాయన మొహం మీదే అడిగాడు, "మీరు ఏ లిస్టులో ఉన్నారండీ?" అని. నాకు జవాబు తోచలేదు.

రెండో సంగతి. వాళ్ళేం కావాలంటున్నారో వాళ్ళనే అడుగు. ఇక్కడ కూర్చుని మనకి "ప్రాజెక్టు ఆపాలి" అనే నినాదం బాగుంటుంది. అక్కడ కొందరు ఇప్పటికీ ఆ మాటే అంటారు. చాలామంది మాత్రం "కట్టుకోండి, మాకు రావాల్సింది ఇచ్చి, మమ్మల్ని సరిగ్గా కూర్చోబెట్టి కట్టుకోండి" అంటారు. ఒకే ఊళ్ళో అన్నదమ్ములు రెండు మాటలూ అంటారు. వాళ్ళ మధ్య తీర్పు చెప్పడం మన పని కాదు.

కొన్ని లెక్కలు నోటికి రావాలి. డ్యామ్ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 45.72 మీటర్ల ఎత్తు. పునరావాసం మాత్రం 41.15 మీటర్ల కాంటూరు, అంటే ఆ ఎత్తు గీత వరకు మొదటి దశ, ఆ పైన రెండో దశ అని విడగొట్టారు. లక్ష పైచిలుకు కుటుంబాలు కదలాలి. ఆ గీతకి పైన ఉన్న ఊళ్ళవాళ్ళకి మీ వంతు తర్వాత అని చెప్పారు. గోదారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం అక్కడి కొలబద్ద మీద 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. వి.ఆర్.పురం, కూనవరం, చింతూరు వైపు మొదటి దశలో లేని ఊళ్ళు కూడా మునిగాయి. నువ్వు ఎవరితో మాట్లాడినా ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు, మిగతాది వాళ్ళే అడుగుతారు.

నేను 2023 చలికాలంలో ఒక కాలనీకి వెళ్ళాను. వరసగా శ్లాబు ఇళ్ళు, అన్నీ ఒకే రంగు. ఒకావిడ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లోపలికి వెళ్ళి, బట్టల షాపు కవరొకటి తెచ్చింది. అందులో ఆధార్, రేషన్ కార్డు, పాత పట్టా జిరాక్సు, ఎవరో రాసిపెట్టిన అర్జీల కాపీలు. అర్జీల మడతలు నలిగి నలిగి చిరిగిపోయే స్థితికొచ్చాయి. ఆవిడ పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంది. భూమికి భూమి అని కాగితం మీద ఇచ్చిన చెక్కలో వేరే రైతు అప్పటికే మొక్కజొన్న వేసేశాడట. ఆ రైతూ ఆ పక్క ఊరి పేదవాడే, నా భూమి నేను దున్నుకుంటున్నా అంటాడు. కొడుకు సంగతి అడిగాను. సర్వే చేసిన రోజున వాడికి పద్దెనిమిది నిండలేదు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, లిస్టులో మాత్రం ఇంకా వాళ్ళ నాన్న కింద మైనరే. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "కట్టెలకి ఎక్కడికి పోవాల?" అని ఒక్కటే అడిగింది.

ఆ కవర్లో పేరు సరిచేయించడం, ఆ చెక్క సర్వే నంబరు పట్టుకోవడం, ఆ కొడుక్కి విడి కుటుంబంగా అర్జీ పెట్టించడం, మనం చెయ్యగలిగిన పని చాలావరకు ఇదే. బోరు కొట్టే పని. ఫొటోలో రాదు.

ఇందులో నీకున్న ఒక బలం నాకు లేదు. నీది ఇంకా ఇండియా పాస్‌పోర్టే. సమాచార హక్కు చట్టం పౌరులకే. విదేశీ పౌరసత్వం తీసుకుని, భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు మీద ఉన్న నాలాంటివాడు దరఖాస్తు పెట్టలేడు. నువ్వు పెట్టగలవు. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "పోలవరం వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. ఫలానా గ్రామం, గ్రామసభ తీర్మానం కాపీ, సామాజిక ఆర్థిక సర్వే తేదీ, లబ్ధిదారుల జాబితా, తిరస్కరించిన పేర్లు, తిరస్కరణకి కారణం. ఇలా చిన్న చిన్న ప్రశ్నలు. 2013 భూసేకరణ చట్టం, గిరిజన ప్రాంతాల పంచాయతీలకి వర్తించే 1996 పీసా చట్టం రెండూ షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభని అడగాలనే చెప్తాయి. అడిగారా లేదా అన్నది ఆ తీర్మానం కాగితంలోనే తెలుస్తుంది.

డబ్బు విషయం జాగ్రత్త. నువ్వు నీ జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. నేను పంపితే వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని సంస్థకి నా డాలరు వెళ్తే, ఇబ్బంది నాకు కాదు, అక్కడ ఆఫీసులో కూర్చున్న ముగ్గురు పిల్లలకి. అలాగే మనవాళ్ళెవరైనా ఓసీఐ మీద వెళ్ళి కెమెరాతో డాక్యుమెంటరీ తీస్తామంటే వద్దను. 2021 నుంచి జర్నలిజం పనికి వాళ్ళు ప్రత్యేక అనుమతి తీసుకోవాలి.

ఇప్పుడు నా తప్పు. 2019 ఆగస్టులో కాఫర్ డ్యామ్, అంటే అసలు డ్యామ్ కట్టడం కోసం నదికి అడ్డంగా వేసిన తాత్కాలిక కట్ట వల్ల నీళ్ళు వెనక్కి తన్ని దేవీపట్నం చుట్టుపక్కల ఊళ్ళు మునిగాయి గుర్తుందా? ఆవేశంలో నేనొక పిటిషన్ తయారుచేశాను. సమాచారం ఇచ్చిన కుర్రాడి పేరు, ఫోన్ నంబరు సహా పెట్టాను, సాక్ష్యం గట్టిగా ఉంటుందని. వాట్సాప్‌లో వచ్చిన వరద ఫొటో ఒకటి తగిలించాను. ఆ ఫొటో ఇంకో రాష్ట్రానిది. ఆ ఒక్క ఫొటో చూపించి మొత్తం పిటిషన్ అబద్ధమన్నారు. ఆ కుర్రాణ్ణి ఒక ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిప్పారు, "అమెరికా వాళ్ళకి చెప్పావుగా, వాళ్ళనే అడుగు" అన్నారట. నేను ఆ రోజుల్లో ఎడిసన్‌లో ఏసీ గదిలో కూర్చుని లైకులు లెక్కపెట్టుకుంటున్నాను. ఆ కుర్రాడు ఇప్పటికీ నాతో మాట్లాడతాడు. అది వాడి మంచితనం.

అప్పట్నుంచి, ఎవరి పేరైనా వాడేముందు వాళ్ళని అడుగుతాను. ఫోన్లో ఒకసారి, మర్నాడు ఇంకోసారి. రాత్రికి రాత్రి మనసు మారే హక్కు వాళ్ళకుంది. ఫొటో అయితే ఎవరు, ఎక్కడ, ఏ రోజు తీశారో తెలియనిదే ముట్టుకోను.

అర్జీ ఎక్కడికి అంటావా? జాతీయ ఎస్టీ కమిషన్ ఉంది, పోలవరం ప్రాజెక్ట్ అథారిటీ ఉంది, జిల్లా కలెక్టర్ ఉన్నారు. అర్జీ ఊళ్ళోంచి వెళ్ళాలి, తెలుగులో, వేలిముద్రలతో సహా. నువ్వు టైపు చేసిపెట్టు, చట్టం సెక్షన్ వెతికిపెట్టు, కాపీ దాచిపెట్టు. ముసలివాళ్ళు కొందరు కోయ భాషలోనే మాట్లాడతారు. డిగ్రీ చదివే వాళ్ళ పిల్లలున్నారు, తెలుగు చేసి చెప్తారు. వాళ్ళ టైముకి డబ్బు ఇవ్వు, ఊరికే చేయించుకోకు.

ఇక్కడి కాంగ్రెస్‌మన్ దగ్గరికి పోదామని మీ గ్రూపులో ఎవరో అన్నారన్నావు. నాకు ఇష్టం లేదు. ఒక ఉత్తరం వస్తుంది, ఫ్రేము కట్టించుకోవచ్చు. ఆ మర్నాటి నుంచి "విదేశీ హస్తం" అనే మాట మోయాల్సింది మాత్రం కూనవరం వాళ్ళు.

అసలు కష్టం కాంగ్రెస్‌మన్‌తో కాదమ్మాయ్, మీ తెలుగు సంఘంతోనే. డాలస్‌లో సగంమంది డెల్టా వాళ్ళు. వాళ్ళకి పోలవరం జీవనాడి, నువ్వు నిర్వాసితులు అనగానే డ్యామ్‌కి అడ్డుపడుతున్నావనుకుంటారు. ఇంకో పక్క 2014లో ఏడు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రాలోకి వచ్చాయి కదా, భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయింది, చుట్టుపక్కల పల్లెలు ఇటొచ్చాయి. ఆ గొడవ ఎత్తితే సాయంత్రానికి గ్రూపులో రెండు పార్టీలు. ఎవరితోనూ వాదించకు. దాళ్వాకి, అదే రెండో పంట వరికి, నీళ్ళు రాకపోతే ఎలా ఉంటుందో తెలిసిన రైతు బిడ్డలే వాళ్ళూ. కాలవ చివరి పొలం ఉన్న ఇంటివాళ్ళెవరో కనుక్కుని, పక్కన కూర్చుని ఆ కవరు కథ చెప్పు. నేను మా దగ్గర భీమవరం ఆయనకి అలాగే చెప్పాను. ఆయన డ్యామ్ కావాలనే ఇప్పటికీ అంటాడు, కానీ పోయినేడు మూడు అర్జీలకి లాయరు ఫీజు ఆయనే ఇచ్చాడు.

ఆ కాలనీ ఆవిడ కోడలి నంబరు నీకు పంపుతాను, ముందు ఆ అమ్మాయిని అడిగి. శనివారం రాత్రి తొమ్మిదికి నువ్వు చేస్తే అక్కడ ఆదివారం ఉదయం ఏడున్నర, పనికి వెళ్ళేలోపు దొరుకుతుంది. సిగ్నల్ ఉండదు, డాబా ఎక్కి మాట్లాడుతుంది. మొదటిసారి ఏమీ రాసుకోకు.

ఆశీస్సులతో,
మావయ్య