గోలలో మాట దాచే ముందు

అమ్మా, నీ ప్రాజెక్టుకి కేయాటిక్ లేజర్లతో, అంటే వెలుగు క్రమం లేకుండా ఎగిరిపడే లేజర్లతో, ఫైబర్‌లో రహస్యంగా సమాచారం పంపే పని తీసుకున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. ఒక్క మాట మాత్రం ముందే గట్టిగా చెబుతున్నా. స్కోప్ (సిగ్నల్‌ని గీసి చూపే ఆసిలోస్కోప్) మీద సిగ్నల్ పిచ్చి గోలలా కనిపించినంత మాత్రాన లోపలి మాట భద్రంగా ఉందని అనుకోవద్దు.

1990లో పెకోరా, కారల్ అనే ఇద్దరు కేయాటిక్ వ్యవస్థల్ని కూడా ఒకదానితో ఒకటి కలిసి నడిచేలా చేయొచ్చని చూపించారు, ఇదంతా అక్కడ మొదలైందే. 2005లో ఏథెన్స్ నగరంలో వేసి ఉన్న మామూలు ఫైబర్ మీద 120 కిలోమీటర్లు, గిగాబిట్ వేగంతో పంపి చూపించారు. ఆ పేపర్ చదివి నువ్వూ మొదటి రోజే గిగాబిట్ కావాలని కూర్చుంటావేమో, వద్దు. ముందు సందేశమే లేకుండా, పంపే లేజర్, అందుకునే లేజర్ రెండూ ఒకేలా ఊగేలా (సింక్) కలుపు, అలా కుదిరితేనే అందుకునే వైపు గోలని తీసేసి మాటని విడదీయగలవు.

రెండూ ఒకే వేఫర్ (లేజర్ చిప్‌లు కోసే పలక) నుంచి వచ్చినవైతే సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతా సగం టెంపరేచర్‌ది. 1550 నానోమీటర్ల లేజర్ ఒక్క డిగ్రీ వేడెక్కితే తరంగదైర్ఘ్యం సుమారు 0.1 నానోమీటర్ జరుగుతుంది, అంటే దాదాపు 12 గిగాహెర్ట్జ్, అంత తేడా వస్తే సింక్ చెడిపోతుంది కాబట్టి కంట్రోలర్ మంచిది తీసుకో, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకు. స్కోప్‌ని ఎక్స్‌వై మోడ్‌లో పెట్టి, దారిలో పట్టే ఆలస్యాన్ని సరిచేసి, పంపే లేజర్‌నీ అందుకునే లేజర్‌నీ ఎదురెదురుగా చూడు. చెదిరిన చుక్కల గుంపు సన్నటి ఏటవాలు గీతగా మారేదాకా సందేశం జోలికి వెళ్లకు. పొడవాటి ఫైబర్ కలిపినప్పుడు డిస్పర్షన్ (ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో వేగంతో వెళ్లి సిగ్నల్ పరుచుకోవడం) కిలోమీటరుకు, నానోమీటరుకు 17 పికోసెకన్ల చొప్పున పోగవుతుంది, దాన్ని సరిచేసే ఫైబర్ చుట్ట లేకపోతే ఆ గీత మళ్లీ చెదురుతుంది.

ఇక అసలు సంగతి. నువ్వే దొంగవై నీ సిగ్నల్ మీద పడు. 1994లోనే కెవిన్ షార్ట్ కేయాటిక్ సిగ్నల్ చాటున దాచిన సందేశాన్ని, అందుకునే సర్క్యూట్ లేకుండానే బయటికి లాగి చూపించాడు. నీ లేజర్ వెలుగుని తిరిగి దానిలోకే పంపి (ఫీడ్‌బ్యాక్) గోల పుట్టించే అద్దం 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకో, వెలుగు వెళ్లి రావడానికి 2 నానోసెకన్లు. ఆటోకోరిలేషన్ (సిగ్నల్ కాసేపటి తర్వాత తనని తానే ఎంత పోలి ఉందో చూపే గ్రాఫ్) గీసి చూడు, సరిగ్గా 2 నానోసెకన్ల దగ్గర శిఖరం లేచిందంటే నీ అద్దం ఎంత దూరంలో ఉందో నువ్వే చాటుకుంటున్నట్టు. ఫీడ్‌బ్యాక్ బలం, కరెంట్ మారుస్తూ ఆ శిఖరం అణిగే చోటు వెతుకు. స్పెక్ట్రమ్‌లో (ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫ్‌లో) సందేశం పొడుచుకొస్తోందేమో కూడా చూడు, వస్తే దాని బలం తగ్గించు, తప్పులు కాస్త పెరిగినా సరే.

ఎంత బాగా కుదిరినా, మామూలు ఎన్‌క్రిప్షన్ తీసేయకు. ఇది దాని మీద వేసే రెండో తాళం మాత్రమే. మీ గైడ్ వేగం కోసం ఒత్తిడి పెట్టినా ఈ విషయంలో వెనక్కి తగ్గకు. మొదటి ఆటోకోరిలేషన్ గ్రాఫ్ రాగానే కరెంట్, టెంపరేచర్ విలువలతో సహా నాకు పంపు, ఫోన్‌లో కూర్చుని ఇద్దరం చూద్దాం.