తహసీల్దార్ ఆఫీసు వరండాలో అమరజవాను ఫలకం పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో చేస్తూ సరిహద్దులో కాల్పుల్లో చనిపోయాడు. ఫొటో, పేరుతో చిన్న రాతిపలక మా ఖర్చుతోనే మండల తహసీల్దార్ ఆఫీసు వరండాలో పెట్టిస్తామంటే 'రూల్స్ ఒప్పుకోవు' అని పంపించేశారు. కోర్టుకెళ్తే ఆర్డర్ వస్తుందా? (తెలంగాణ నుంచి ఓ పాఠకుడు)

జవాబు: ముందుగా మీ కుటుంబానికి నమస్కారం. ఆఫీసు లోపల సైనికుడి పేరుతో పలక పెట్టకూడదని ప్రత్యేకంగా చెప్పే కేంద్ర చట్టమేదీ లేదండీ, కాకపోతే పెట్టి తీరాలని అడిగే హక్కు ఇచ్చే చట్టమూ లేదు, బిల్డింగు ప్రభుత్వానిది కాబట్టి గోడ మీద ఏముండాలో వాళ్లే తేల్చాలి. అందుకే నోటిమాటతో వచ్చిన 'కుదరదు'ని పట్టించుకోకండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కి అర్జీ ఇవ్వండి, జిల్లా సైనిక సంక్షేమ అధికారికి ఓ కాపీ పంపండి. ఆర్మీ రికార్డ్ ఆఫీసు ఇచ్చిన బ్యాటిల్ క్యాజువాలిటీ సర్టిఫికెట్ (పోరులో చనిపోయారని తెలిపే పత్రం) జతచేసి, పలక కొలతలు, ఏ గోడకు బిగిస్తారు, నడిచే దారికి అడ్డం రాదని స్పష్టంగా రాయండి. రసీదు మాత్రం మర్చిపోవద్దు.

కొందరు అధికారులు 2013 జనవరి 18 నాటి సుప్రీంకోర్టు ఆర్డర్ చూపిస్తారు. అది రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జనం వాడుకునే చోట్ల విగ్రహాలు, కట్టడాలకు పర్మిషన్ ఇవ్వొద్దన్నది. గోడకు బిగించే పలకకు అది వర్తించదనే నేను వాదిస్తాను, ఆవరణలో విగ్రహం కావాలంటే మాత్రం గట్టిగానే అడ్డొస్తుంది.

ఇక కోర్టు సంగతి. పలక పెట్టించమని నేరుగా హైకోర్టులో రిట్ (అధికారులను ఆదేశించమని కోరే పిటిషన్) వేస్తే గెలవడం కష్టం, హక్కేదని జడ్జిగారు మొదటే అడుగుతారు. అయితే అదే వరండాలో ఇంకొకరికి ఒప్పుకుని మీకు కాదన్నా, అర్జీని నెలల తరబడి తేల్చకపోయినా దారి ఉంది. మొదటిదానికి చట్టం ముందు అందరూ సమానమనే రాజ్యాంగంలోని ఆర్టికల్ 14 పనికొస్తుంది, రెండోదానికి ఫలానా గడువులోగా తేల్చమని హైకోర్టు చెప్పగలదు. ముందు ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టి, ఇంతకుముందు ఎవరికి, ఏ ఆర్డర్ మీద అనుమతిచ్చారో అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఒక్క జాగ్రత్త, ఆవిష్కరణ రోజు పలక మీద జాతీయ జెండా కప్పకండి. ప్రేమతో కప్పినా జాతీయ చిహ్నాలను అవమానించడాన్ని అడ్డుకునే 1971 చట్టం కింద నేరమే, మూడేళ్ల దాకా జైలు ఉంది. అనుమతి లేకుండా మూడు సింహాల గుర్తు కూడా చెక్కించొద్దు.

2023 ఆగస్టులో కేంద్రం చేపట్టిన 'మేరీ మాటీ మేరా దేశ్' (నా మట్టి నా దేశం) కార్యక్రమం కింద ఊళ్లలో వీరుల పేర్లతో శిలాఫలకాలు పెట్టించారు. మీ ఊళ్లో ఉంటే తమ్ముడి పేరు ఉందేమో చూడండి. లేకపోతే గ్రామసభలో తీర్మానం పెట్టించి, ఆ కాపీ కూడా కలెక్టర్ అర్జీకి జతచేయండి.