అసిస్టెంట్‌ని పెట్టుకోండి, ‘అక్కా’ అని పిలిచే అమ్మాయిని మాత్రం వద్దు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఇంట్లోనే చైల్డ్‌మైండింగ్ (డబ్బు తీసుకుని వేరేవాళ్ల పిల్లల్ని చూసుకునే పని) చేస్తున్నాను. ఒక్కదాన్నే చూసుకోలేకపోతున్నాను. తెలిసిన తెలుగమ్మాయి ఒకరు సాయానికి వస్తానంటోంది. అసిస్టెంట్‌గా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, రూల్స్ ఒప్పుకుంటాయి. ఏడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, సరిగ్గా మీలాగే ఒకమ్మాయిని పెట్టుకున్నాను కూడా. అందుకే చెప్తున్నా, తెలిసినవాళ్లు వద్దు.

ముందు అందరూ వేసే లెక్క. ఒక్కరే ఉంటే మామూలుగా ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఆరుగురు, అందులో ఐదేళ్లలోపు ముగ్గురు, ఏడాది నిండనివాళ్లు ఒక్కరే. అసిస్టెంట్ ఉంటే ఆమె వంతుకి మళ్లీ అంతమంది. 2025 సెప్టెంబరు నుంచి ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు తొమ్మిది నెలల బిడ్డ నుంచే వారానికి 30 గంటల చైల్డ్‌కేర్ ఖర్చు ప్రభుత్వం భరించే స్కీమ్ వర్తిస్తోంది కాబట్టి ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఆశ పుడుతుంది. కానీ అసిస్టెంట్ వచ్చిందని మన హాలు పెరగదు కదా! రెండేళ్లలోపు బిడ్డకి 3.5 చదరపు మీటర్లు, రెండేళ్ల పిల్లకి 2.5, ఆ పైవాళ్లకి 2.3 ఉండాలి. మా హాలు 18. ముగ్గురు పసివాళ్లు, ఇద్దరు రెండేళ్లవాళ్లు, ఒక మూడేళ్లవాడు కలిస్తే 17.8. ఆ లెక్క కోసం సోఫా గరాజ్‌లోకి వెళ్లింది. ఇండియా నుంచి వచ్చి వెళ్లిన మా అత్తగారు ‘నడుం వాల్చడానికి చోటు లేని ఇల్లేంటమ్మా’ అని ఇప్పటికీ ఫోన్‌లో అంటూనే ఉంటారు.

ఆ అమ్మాయిది గుంటూరు వైపు. వాళ్లాయన, మా ఆయన ఒకే ఆఫీసు. ‘జీతం ఎందుకక్కా, ఇంట్లో బోరు కొడుతోంది, ఊరికే వస్తా’ అంది. నేను ఒప్పుకోలేదు. ఊరికే చేసేవాళ్లకి ఏదీ గట్టిగా చెప్పలేం. వారానికి 20 గంటలు, జీతం. డీబీఎస్ చెక్ (ఇక్కడ నేరాల రికార్డు ఉందేమో చూసే తనిఖీ) చేయించా, ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ తెప్పించా, ఉద్యోగిని పెట్టుకున్నందుకు కనీసం 50 లక్షల పౌండ్ల ఇన్సూరెన్స్ తీసుకున్నా. ఇన్ని చేసి కూడా ఆమెతో ‘నేను నీ యజమానిని’ అన్న మాట ఒక్కసారీ అనలేకపోయాను. అక్కనైపోయాను మరి.

పిల్లలకి ఆ అమ్మాయంటే ప్రాణం. అది కాదనను.

ఒక మంగళవారం మధ్యాహ్నం. పసివాళ్లు పడుకున్నారు. రెండేళ్ల బాబు ఒకడు మాత్రం మేలుకుని ఉన్నాడు. వాడికి పల్లీలు పడవు. ఫ్రిజ్ మీద వాడి ఫొటోతో కాగితం అంటించి ఉంది. నేను పైన దుప్పట్లు మారుస్తున్నా. ఆ అమ్మాయి కిచెన్‌లో తన డబ్బా విప్పి ఇడ్లీ తిని, వేళ్లు టిష్యూకి తుడుచుకుని, వచ్చి వాడికి అరటిపండు ఒలిచి ముక్కలు నోట్లో పెట్టింది. నేను దిగేసరికి వాడు మూతి రుద్దుకుంటున్నాడు. పెదాల చుట్టూ ఎర్రగా దద్దుర్లు, గడ్డం దాకా. డబ్బా మూతలో పల్లీ చట్నీ ఇంకా ఉంది.

‘వాడికి పెట్టలేదక్కా, నేను తిన్నానంతే’ అంటుంది, కళ్లనిండా నీళ్లు.

వాళ్లమ్మ రాసిచ్చిన ప్లాన్ ప్రకారం అలెర్జీ సిరప్ వేశా. అలెర్జీ ముదిరితే పొడిచే ఇంజెక్షన్, అడ్రినలిన్ పెన్ను, పక్కన పెట్టుకుని, ఊపిరి ఎలా తీస్తున్నాడో చూస్తూ వాళ్లమ్మకి ఫోన్ చేశా. దేవుడి దయవల్ల దద్దుర్లతోనే ఆగింది. ఆవిడ వచ్చి, బాబుని ఎత్తుకుని, నన్ను ఒక్క మాట అనలేదు. ఆ డబ్బా వంకే చూసింది. తిట్టినా బాగుండేది అనిపించింది.

సాయంత్రం రిపోర్టు రాసి, ఇకమీద డబ్బాలో పల్లీలు రాకూడదు, తిన్నాక సబ్బుతో చేతులు కడగాలి అని కాగితం మీద పెట్టి సంతకం అడిగా. ‘ఇంతోటి దానికి సంతకమా అక్కా?’ అంది. రాత్రి వాళ్లాయన మా ఆయనకి ఫోన్ చేశాడు! సంక్రాంతి పార్టీలో నేను తెచ్చిన పులిహోర ముట్టుకోకుండా ఇద్దరూ పక్కనుంచి వెళ్లిపోయారు. తప్పు నాది కాదనను. ఫ్రిజ్ మీద అంటించడమే తప్ప, కూర్చోబెట్టి విడమరిచి చెప్పలేదు. పల్లీలు లేని వంటిల్లు మనకి ఊహకందదు, అదీ సంగతి. కానీ బయటి మనిషైతే మొదటిరోజే చెప్పేదాన్ని.

ఇప్పుడు 58 ఏళ్ల ఇంగ్లీషావిడ వస్తోంది. నన్ను పేరు పెట్టి పిలుస్తుంది, నాలుగింటికి బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోతుంది. కబుర్లు ఉండవు. మొదటి నెల ఇల్లు బావురుమంది, నిజం చెప్పాలంటే.

జీతం సంగతంటారా, 2025 ఏప్రిల్ నాటి కనీస జీతం రేటు 21 ఏళ్లు నిండినవాళ్లకి గంటకి 12.21 పౌండ్లు. ఆ లెక్కన 20 గంటలకి వారానికి 244. ఏడాదికి పదివేలు దాటుతుంది కాబట్టి 22 ఏళ్లు నిండినవాళ్లకి పెన్షన్ కూడా కట్టాలి. ఏడాదికి 5.6 వారాల సెలవు జీతం అదనం. అసిస్టెంట్‌కి వదిలి బయటికెళ్లాలంటే రోజుకి రెండు గంటలు మించకూడదు. పిల్లల తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఆమెకి పిల్లల ఫస్ట్ ఎయిడ్ పూర్తి సర్టిఫికెట్ ఉండాలి. ఆ కోర్సు ఫీజు నేనే కట్టాను. ఇద్దరికీ.