వరంగల్ దగ్గరి గుట్టల్లో అడవి మేకలు కనిపిస్తాయా?

హనుమకొండ నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేలా ఏ గుట్ట ఎక్కితే అడవి మేకలు కనిపిస్తాయి, పదేళ్ల బాబును తీసుకెళ్లొచ్చా అని అడిగారు. మొదటిదానికి జవాబు చిన్నదే. మన దగ్గర ఏ గుట్ట ఎక్కినా కనిపించవు, తెలంగాణలో అడవి మేకలు లేవు. రేగొండ దగ్గర పాండవుల గుట్టలో బండ అంచున మేక నిలబడి కనిపించిందంటే, దాని కాపరి కింద ఏదో చెట్టు నీడన కూర్చొని ఉన్నట్టే. ఏటూరునాగారం వైపు కొండగొర్రె అనేది నాలుగు కొమ్ముల జింకను. అది పొదల మాటున ఒంటరిగా తిరిగే జంతువు, గుట్టెక్కి వెతికితే దొరికేది కాదు.

మనకు దగ్గరలో నిజంగా కొండ మీద బతికే అడవి మేక అంటే నీలగిరి తార్. తమిళంలో వరైయాడు అంటారు, తమిళనాడుకు అదే రాష్ట్ర జంతువు. కేరళ, తమిళనాడుల్లోని పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. (జన్యు పరీక్షల్లో ఇది మేకల కన్నా గొర్రెలకే దగ్గరి చుట్టమని తేలిందట. చూస్తే మాత్రం అచ్చం మేకే.)

మా బావమరిది, నేను మున్నార్ వెళ్లి మీసపులిమల ఎక్కాం. ఎత్తు 2,640 మీటర్లు. సొంతంగా వెళ్లనివ్వరు. కేరళ అటవీ అభివృద్ధి సంస్థ వాళ్ల దగ్గర ముందే బుక్ చేసుకోవాలి, గైడ్ తోడు ఉంటాడు. ఎక్కడం కష్టమా అంటే, చేతులు పెట్టి పాకాల్సిన చోట్లు లేవు. గడ్డి వాలు మీద కాలిబాట, ఒక శిఖరం దాటితే ఇంకొకటి. కానీ మనం పుట్టి పెరిగింది సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లయినా లేని చోట. ఆ చలిగాలిలో, ఆ ఎత్తులో మనవాళ్లకు ఆయాసం వస్తుంది. వెళ్లే ముందు ఒక నెలపాటు పద్మాక్షి గుట్ట ఎక్కి దిగుతూ ఉంటే మోకాళ్లకు అలవాటవుతుంది. దిగేటప్పుడే మోకాళ్లు పీకుతాయి, గుర్తుంచుకోండి. వానల తర్వాత వెళితే జలగలు ఉంటాయి, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవాల్సిందే.

ఇక మేకల సంగతి. మేము అంతసేపూ పచ్చిక బయళ్లనే చూస్తూ నడిచాం, మేక అంటే గడ్డిలోనే కదా అని. గైడ్ ఆపి చెప్పింది ఏమిటంటే, గడ్డి కాదు, గడ్డి ఆగిపోయి బండ మొదలయ్యే అంచును చూడమని. ఈ జంతువు మేసేది గడ్డి మీదే అయినా నిట్టనిలువు రాతికి దూరంగా పోదు. చిరుతో, రేచుకుక్కలో వస్తే ఆ రాతి మీదికి ఉరకాలి, అదే దాని ధైర్యం. పొద్దున్నే, మళ్లీ సాయంత్రం మేస్తాయి, ఎండ ఎక్కాక బండల మీద పడుకుంటాయి. పడుకున్న తార్‌ను బండ నుంచి వేరుగా గుర్తుపట్టడం మామూలు కంటికి చాలా కష్టం. "బావా, ఇంత దూరం వచ్చింది రాళ్లు చూడ్డానికా? అవి మన దగ్గర లేవా?" అని మావాడు నస మొదలుపెట్టాడు కూడా.

అప్పుడే అవతలి అంచున ఒక రాయి చెవి కదిలించింది. బైనాక్యులర్‌లో చూస్తే ఒకటి కాదు, ఆడవి, పిల్లలు కలిసి చిన్న మంద. కొంచెం ఎడంగా ఒక ముసలి పోతు. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు, నడుం మీద మాత్రం జీను వేసినట్టు తెల్లటి మచ్చ. వయసు మీరిన పోతులకే ఆ మచ్చ వస్తుంది. మందలో ఒకటి మేయకుండా తల ఎత్తి మా వైపే చూస్తూ నిలబడింది, కాపలా అన్నమాట. టీ తాగినంత సేపు చూశామో లేదో, మబ్బు కమ్మేసింది. తర్వాత ఎంత కూర్చున్నా తెర తొలగలేదు. గైడ్ మాత్రం మా అదృష్టం బాగుందన్నాడు, ఒక్కటీ కనపడక దిగిపోయేవాళ్లు చాలామందట.

అందుకే పదేళ్ల బాబుతో అంటే నేను మీసపులిమల చెప్పను. అంత నడిచాక మేక కనపడకపోతే పిల్లలకు ఉసూరుమంటుంది, మీకు టెన్షన్. మున్నార్ దగ్గరే ఉన్న ఎరవికుళం జాతీయ పార్కులో రాజమల అనే చోటికి తీసుకెళ్లండి. 97 చదరపు కిలోమీటర్ల ఈ పార్కును ముఖ్యంగా ఈ జంతువు కోసమే కాపాడుతున్నారు, 1978లో జాతీయ పార్కు అయింది. దక్షిణ భారతంలోకెల్లా ఎత్తయిన 2,695 మీటర్ల ఆనముడి ఇందులోనే ఉంది, కానీ దాన్ని ఎక్కనివ్వరు. అటవీ శాఖ బస్సులో పైకి తీసుకెళ్తారు, అక్కడి నుంచి తారు రోడ్డు మీద కాస్త నడక. జనాలకు అలవాటుపడిన తార్లు రోడ్డు పక్కకే వచ్చి మేస్తుంటాయి. వెతుక్కుని చూసిన ఆనందం ఇందులో లేదని నా అభిప్రాయం, మావాడైతే ఇదే బాగుందన్నాడు. బిస్కెట్లు పెట్టడం, దగ్గరికెళ్లి సెల్ఫీలు దిగడం మాత్రం బాబుకు ముందే వద్దని చెప్పండి.

ఒక్క జాగ్రత్త. తార్లు ఈనే కాలం కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో సాధారణంగా పార్కు మూసేస్తారు. టికెట్లు తీసే ముందు తెరిచారో లేదో కనుక్కోండి. మన బడులకు ఏప్రిల్ చివర్లో సెలవులు ఇస్తారు కాబట్టి మీకు అదే సరైన సమయం. అప్పటికి ఆ ఏడు పుట్టిన పిల్లలు తల్లుల వెంట గెంతుతూ ఉంటాయి. జూన్ వచ్చిందంటే అక్కడ వానలే. వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆలువలో దిగితే మున్నార్‌కు బస్సులుంటాయి, ఘాట్ రోడ్డు కాబట్టి నాలుగైదు గంటలు వేసుకోండి. బాబుకు బస్సులో వాంతులయ్యే అలవాటుంటే ముందు సీటు చూసుకోండి.

ఈలోగా ఒక ఆదివారం పాండవుల గుట్టకు వెళ్లి రండి. మేకల కోసం కాదు, బండల మీద ఆదిమానవులు వేసిన బొమ్మల కోసం. వాటిలో జంతువులు బోలెడు.