సిల్ లోపలి తుప్పు తెలియకుండా అంచనాలను నమ్మవచ్చా?

ప్రశ్న: నా దగ్గర 1972 నాటి ఎం.జి.బి. రోడ్‌స్టర్ (స్థిరమైన పైకప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. పదకొండేళ్ల కిందట కొన్నాను. తలుపుల కింద, ముందు చక్రాల వెనుక రంగు బుడగలుగా పొంగింది. ఒకచోట స్క్రూడ్రైవర్ ఆనిస్తే రేకులోకి దిగిపోయింది. మూడు గ్యారేజీల వారు మూడు అంచనాలు ఇచ్చారు. తుప్పు కనబడిన చోట అతుకు వేసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టడానికి నా ఒక నెల ఆదాయం సరిపోతుంది. రెండు వైపులా సిల్స్ (తలుపుల కింద పొడవునా ఉండే బాడీ భాగాలు) పూర్తిగా మార్చడానికి ఐదు నెలల ఆదాయం కావాలి. కారునంతా విప్పి కొత్త బాడీ షెల్‌లో (కారు ఉక్కు బాడీ మొత్తం) అమర్చడానికి రెండేళ్ల ఆదాయం అవుతుంది. బాగుచేసిన కారుకు వచ్చే ధర కంటే అది ఎక్కువే. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే అత్యవసర నిధి కాక, ఎనిమిది నెలల ఆదాయానికి సమానమైన పొదుపు ఉంది. అందులో సగం రెండేళ్లలో మా అమ్మాయి పైచదువుకు కావాలి. అప్పు చేసి మూడో పని చేయిస్తే కారు విలువ పెరిగి గట్టెక్కుతావని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అప్పు సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మీకు ప్రమాదం ఉన్నది అక్కడే. ఉదాహరణకు రెండేళ్ల ఆదాయానికి సమానమైన మొత్తాన్ని ఏడాదికి 12 శాతం వడ్డీతో ఐదేళ్ల వాయిదాల మీద తీసుకుంటే, నెలసరి వాయిదాకే మీ ఆదాయంలో సగానికి పైగా పోతుంది. అప్పు తీరేసరికి మీరు కట్టింది దాదాపు 32 నెలల ఆదాయం అవుతుంది. పని ముగిసిన రోజునే కారు ధర ఖర్చు కంటే తక్కువని మీరే రాశారు. ఆ లోటును, దాని మీద వడ్డీని పూడ్చాలంటే ధర ఎంత పెరగాలో లెక్క వేసి చూడండి. 1962 నుంచి 1980 వరకు ఎం.జి.బి. కార్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఇంత విరివిగా దొరికే కారు విషయంలో అంతటి పెరుగుదల మీద ఇంటి భద్రతను నిలపమని నేను చెప్పలేను. కారు మీద పెట్టే డబ్బును మదుపుగా కాక, ఇష్టంతో పెట్టే ఖర్చుగానే రాసుకోండి. ఇష్టం కోసం ఖర్చు పెట్టడంలో తప్పేమీ లేదు, అది ఇంటి అవసరాలు పోగా మిగిలిన సొమ్మైతే చాలు.

ఇక మొదటి అంచనా. చవకగా కనబడినా, మూడింటిలోనూ నేను గట్టిగా వద్దనేది దీన్నే. ఇనుము తుప్పుగా మారినప్పుడు అంతకుముందు కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు పొంగేది అందుకే. సిల్ అనేది లోపల డొల్లగా ఉండే పెట్టె వంటి నిర్మాణం, దానిలో చేరిన తేమ, మట్టి బయటికి పోయే దారి మూసుకుపోతే రేకును లోపలి నుంచి తింటూ వస్తాయి. మీరు పైన చూసిన బుడగ ఆ తినడంలో ఆఖరి దశ. దాని మీద పుట్టీ పెట్టి రంగు కొడితే తుప్పు ఆగదు, కంటికి కనబడకుండా పోతుంది, అంతే. కొంతకాలానికి రంగు మళ్లీ పొంగినప్పుడు, ఆ నెల ఆదాయం పోగా, ఈలోగా పెరిగిన తుప్పుకు పెద్ద బిల్లు వస్తుంది. కొన్నిచోట్ల పాడైన సిల్ మీద కొత్త రేకు తొడుగు బిగించి వెల్డింగ్ చేస్తారు. కింద ఉన్నది కుళ్లిపోతూనే ఉంటుంది కనుక అదీ ఈ కోవలోకే వస్తుంది.

పైగా మీ కారులో సిల్ అలంకారం కోసం ఉన్నది కాదు. ఎం.జి.బి.కి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. రోడ్‌స్టర్‌కు పైకప్పు కూడా లేదు కనుక ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ పట్టి ఉంచే బాధ్యతలో ఎక్కువ వాటా సిల్స్ మీదే పడుతుంది. బయటి సిల్, మధ్యలో నిలువు రేకు, లోపలి సిల్, అడుగున క్యాజిల్ రెయిల్ అనే పట్టీ కలిసి ఒక దూలంలా పనిచేస్తాయి. అవి బలహీనపడితే బాడీ మధ్యలో కుంగి, తలుపు వెనుక సందు పైభాగంలో ఇరుకవుతుంది. మీ తలుపులు సాఫీగా పడుతున్నాయా, సందు పైనా కిందా సమానంగా ఉందా అన్నది ఈ రోజే చూడండి. స్క్రూడ్రైవర్ దిగిన చోటు సిల్ అయితే, పని పూర్తయ్యేదాకా కారును రోడ్డు మీదికి తీయవద్దని నా మనవి. ఇందులో డబ్బు కంటే మీ ప్రాణం ముఖ్యం.

నా సలహా రెండో మార్గమే, కానీ ఆ అంచనాను ఉన్నదున్నట్టు ఒప్పుకోవద్దు. సిల్‌ను కోసి చూడకుండా చెప్పిన ధర ఏదైనా ఊహే అవుతుంది. కాబట్టి ముందుగా తనిఖీ పనిని విడిగా, విడి రుసుముతో చేయించండి. ఈ కారులో ముందు రెక్కలు (చక్రాల పైన ఉండే బాడీ రేకులు) బోల్టులతో బిగించి ఉంటాయి కనుక వాటిని విప్పితే సిల్ ముందు చివర బయటపడుతుంది. లోపలి వైపు తివాచీ ఎత్తి నేలరేకు అంచులను చూడవచ్చు, అడుగు నుంచి క్యాజిల్ రెయిల్‌ను తట్టి చూడవచ్చు. వెనుక రెక్కలు వెల్డింగ్‌తో అతికినవి. సిల్ వాటి కిందికి కూడా సాగుతుంది కనుక దాన్ని పూర్తిగా మార్చాలంటే రెక్క అడుగు భాగాన్ని కోసి, మళ్లీ అతకాలి. మీ అంచనాలో ఈ కోత, అతుకు ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే ఆ ఐదు నెలల లెక్క ఐదు దగ్గర ఆగదు. కోయడానికి ముందు బాడీకి అడ్డకమ్మీలు కట్టి నిలబెడతారా, తలుపులు బిగించి సందులు కొలుస్తూ వెల్డింగ్ చేస్తారా అని కూడా అడగండి. ఈ ప్రశ్నకు తడుముకునే చోట కారును వదలవద్దు. వంకరగా అతికిన బాడీని సరిచేయడానికి అయ్యే ఖర్చు అసలు పనిని మించిపోగలదు.

డబ్బు సర్దుబాటు ఇలా ఉండాలి. అత్యవసర నిధినీ, అమ్మాయి చదువు సొమ్మునూ ముట్టకండి. మిగిలింది నాలుగు నెలల ఆదాయం. తుప్పు పనిలో దాగి ఉన్న నష్టం బయటపడడం మామూలే కనుక అంచనాకు మరో మూడో వంతు అదనంగా పక్కన పెట్టాలని నా అభిప్రాయం. అప్పుడు మొత్తం పని ఆరున్నర నెలల ఆదాయం దాటుతుంది, అది ఈ రోజు మీ దగ్గర లేదు. అయితే ఒక్కో వైపు విడిగా చేయించవచ్చు. ఒక వైపు పూర్తి చేసి, బిగించాక రెండో వైపు కోయడం బాడీ నిటారుతనానికీ మంచిదే. ఒక వైపుకు అదనంతో కలిపి మూడు నెలల ఆదాయానికి కాస్త పైన అవుతుంది. తర్వాత నెలకు ఆదాయంలో ఐదో వంతు దాచుకుంటే సుమారు 14 నెలల్లో రెండో వైపుకు సొమ్ము సమకూరుతుంది. ఈలోగా కారును గాలి ఆడే పొడి చోట ఉంచండి. రోడ్డెక్కని కారుకు తక్కువ ప్రీమియంతో దొంగతనం, అగ్నిప్రమాదాలకు మాత్రమే వర్తించే బీమా దొరుకుతుందేమో మీ బీమా సంస్థను అడగండి.

చెల్లింపులను పని దశలకు ముడిపెట్టండి: కోత పూర్తయ్యాక కొంత, లోపలి సిల్ అతికాక కొంత, బయటి రేకు మూసే ముందు మీరు స్వయంగా చూసి, ఫొటోలు తీసుకున్నాక కొంత. కొత్త రేకులు మీ పేరిట కొని రశీదు మీరే ఉంచుకోండి. గ్యారేజీ ఏ కారణంగానైనా మూతపడితే అవి మీ సొత్తని చూపడానికి ఆధారం ఉంటుంది. వెల్డింగ్ తర్వాత సిల్ లోపల మైనం పిచికారీ చేయించడం, నీరు పోయే రంధ్రాలు తెరిచి ఉంచడం ఒప్పందంలో రాయించండి. మొత్తం బిల్లులో ఇది చిన్న పద్దే. దీన్ని వదిలేసినందువల్ల మళ్లీ మొదటికొచ్చిన పనులు అనేకం. రంగు మాత్రం రెండు వైపులా పూర్తయ్యాకే. అప్పటిదాకా ప్రైమర్ మీద తాత్కాలికపు పూత చాలు.

కొత్త షెల్ గురించి ఒక మాట. బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి ఈ కారుకు అసలు అచ్చులతోనే షెల్స్ తయారుచేసింది కాబట్టి మిత్రులు చెప్పింది సాంకేతికంగా సాధ్యమే. అసలు బాడీ పోతే కారు గుర్తింపు, రిజిస్ట్రేషన్ విషయంలో అనుమతులు అవసరం కావచ్చు, కొందరు కొనుగోలుదార్లు అసలు బాడీకే ఎక్కువ విలువ ఇస్తారు. చేతిలో మిగులు సొమ్ము ఉన్నవారు ఆలోచించదగిన మార్గమే, మీరు ఇప్పుడు కాదు.

తనిఖీలో లోపలి సిల్, క్యాజిల్ రెయిల్‌తో పాటు నేలరేకు, వెనుక స్ప్రింగులు పట్టే చోట్లు కూడా పోయాయని తేలితే లెక్క మారుతుంది. అప్పుడు పదకొండేళ్లలో కారు మీద ఎంత పెట్టారన్నది మరచిపోండి, ఆ డబ్బు ఏ నిర్ణయం తీసుకున్నా తిరిగి రాదు. ఆ రోజు నుంచి పెట్టాల్సినదెంత, ఉన్న స్థితిలో అమ్మితే వచ్చేదెంత అన్న రెండు అంకెలనే పక్కపక్కన పెట్టి చూడండి. తనిఖీ ఫొటోలతో సహా నిజం చెప్పి అమ్మితే, తానే వెల్డింగ్ చేసుకోగల కొనుగోలుదారు దొరకవచ్చు. ఆ రెండు అంకెలు చేతికి వచ్చాక నాకు మళ్లీ రాయండి.