నానుతాడు తాకట్టు పెట్టి లీడ్స్ కొనాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మావారు ఎనిమిదేళ్లుగా ఫ్లాట్లు, ఇళ్ల స్థలాలు చూపించే ఏజెంటు. అరండల్‌పేటలో చిన్న ఆఫీసు గది ఉంది. ఏడాదికి ఆరేడు బేరాలు కుదురుతాయి. ఖర్చులు పోను నాలుగున్నర లక్షల దాకా మిగులుతుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 18,000. ఈ మధ్య ఒక ఆన్‌లైన్ సంస్థ వాళ్లు నెలకు 12,000, దానిపైన జీఎస్టీ కడితే నెలకు 40 మంది కొనేవాళ్ల నంబర్లు ఇస్తామంటున్నారు. ఆరు నెలల డబ్బు ముందే కట్టాలి. చేతిలో అంత లేదు, నా నానుతాడు బ్యాంకులో పెడదామంటున్నారు మావారు. ఆయన తోటి ఏజెంట్లు ఇద్దరు కట్టారట. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కట్టమంటారా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు నా మాట చెప్పేస్తాను. నానుతాడు తాకట్టు పెట్టకండి. లీడ్స్, అంటే ఇలా కొనేవాళ్ల నంబర్లు, కొనడం తప్పని నేను అనను. కానీ అప్పు తెచ్చి, ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టి కొనడం మీ ఇంటికి మోయలేని బరువు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. మీవారి పక్కన కూర్చుని ఇద్దరూ ఒకసారి వేసుకోండి.

నెలకు 12,000 మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 14,160. ఆరు నెలలకు 84,960. మీవారి ఏడాది కమీషన్ 20 లక్షల లోపే కాబట్టి ఆయనకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఇందులోని 12,960 రూపాయల పన్ను వెనక్కి రాదు, అది పూర్తిగా మీ ఖర్చే. బంగారం మీద ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకున్నా ఆరు నెలలకు ఇంకో 4,250. వచ్చే 240 నంబర్లలో 30 మంది సైటు చూడటానికి వచ్చారనుకుందాం. ఒక్కొక్కరికి పెట్రోలు, టీలు కలిపి 250 చొప్పున 7,500. మొత్తం 97,000 దాకా తేలుతుంది.

ఇక రాబడి. గోరంట్ల వైపు 60 లక్షల ఫ్లాటు ఒకటి అమ్మించారనుకోండి. కొనేవాళ్ల వైపు నుంచి ఒక శాతం అంటే 60,000. మధ్యలో ఇంకో ఏజెంటు ఉండి సగం పంచుకోవాల్సి వస్తే 30,000. పంచుకోకుండా రెండు బేరాలు కుదిరితే ఆరు నెలల కష్టానికి మిగిలేది 23,000. ఒక్కటే కుదిరితే 37,000 చేతినుంచి పోతాయి. ఒక్కటీ కుదరకపోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మీవారు బహుశా ‘240 మందిలో రెండు కుదరవా?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే లీడ్ అంటే ఏమిటో చూడాలి. ఫ్లాటు ఫొటో చూసి, ధర తెలుసుకుందామని నంబరు ఇచ్చిన మనిషి అతను. కొనేది రేపు కావచ్చు, మూడేళ్ల తర్వాత కావచ్చు, అద్దె ఇంటి కోసం వెతుకుతూ పొరపాటున నొక్కి ఉండవచ్చు. ఇలాంటి ప్యాకేజీల్లో చాలావాటిలో ఒకే నంబరు ముగ్గురు నలుగురు ఏజెంట్లకు వెళుతుంది. మొదట ఫోన్ చేసినవాడికి జవాబు దొరుకుతుంది, నాలుగోవాడికి విసుగు దొరుకుతుంది. మీవారి తోటి ఏజెంట్లు ఇద్దరూ అదే సంస్థకు కట్టి ఉంటే, ఆ నంబర్లే వాళ్ల దగ్గరా ఉండొచ్చు. కట్టారా అని కాకుండా, ఎన్ని రిజిస్ట్రేషన్లు అయ్యాయని వాళ్లను అడగమనండి.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను కూడా ఒక సంస్థ దగ్గర ఇలాగే నంబర్లు కొన్నాను. ఫోన్ చేస్తే సగం మంది ‘పర్సనల్ లోన్ ఇస్తారా?’ అని అడిగారు. కొందరికి తాము నంబరు ఇచ్చినట్టే గుర్తులేదు. నంబర్లు మార్చి ఇస్తామన్న మాట ఫోన్లో చెప్పిందే, కాగితం మీద లేదు. డబ్బు తిరిగి రాలేదు. ఆ నెల ఇంటి అద్దెకు మా ఆవిడ తన పొదుపు తీసి ఇచ్చింది. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ రోజే గుర్తొచ్చింది.

డబ్బు ఎంతన్నది ఒకటైతే, ఎప్పుడు వస్తుందన్నది ఇంకా పెద్ద సంగతి. ఈరోజు నంబరు వచ్చి అంతా సవ్యంగా జరిగినా ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీలు, అప్పులు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), లాయరు ఇచ్చే లీగల్ ఒపీనియన్, బ్యాంకు లోను అన్నీ దాటి రిజిస్ట్రేషన్ రోజున కానీ కమీషన్ చేతికి రాదు. రెండు మూడు నెలలు తేలిగ్గా పడుతుంది. మధ్యలో ఆషాఢమో, మూఢమో వచ్చిందా, మన వాళ్లు అడ్వాన్సు కూడా ఇవ్వరు. మీరు కట్టిన ఆరు నెలల్లో ఆ రోజులు కూడా కలిసే ఉంటాయి. సంస్థ ఆ నెలకు డబ్బు తగ్గించదు.

మరి వీటితో ఎవరికీ లాభం లేదా అంటే, ఉంది. తాడేపల్లి, మంగళగిరి, పోరంకి వైపు కొత్త అపార్ట్‌మెంట్లు చూపించే వాళ్లకు ఆన్‌లైన్ నంబర్లు పనికొస్తాయి. అక్కడ కొనేవాళ్లలో హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలో ఉన్న మన పిల్లలు ఎక్కువ. వాళ్లకు ఊళ్లో ఏజెంటు తెలియదు, ఫోన్లోనే వెతుకుతారు. వెతికేది కొడుకు, సైటు చూసేది ఇక్కడున్న నాన్న. ఆ ఇద్దరితోనూ నెలల తరబడి ఓపికగా మాట్లాడాలి, వీడియోలు పంపాలి, రాత్రి పదకొండింటికి వచ్చిన ఫోన్ కూడా ఎత్తాలి. ఆఫీసులో ఒక మనిషిని ఈ పనికే పెట్టుకుని, ఆరు నెలల ఖర్చు అప్పు లేకుండా భరించగలిగిన ఏజెంటుకు ఇది గిట్టుబాటు అవుతుంది. మీ ఇంట్లో అలా కాదు. మీవారు ఒక్కరే సైటు చూపించాలి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి, రోజూ నంబర్లకు ఫోన్లూ చేయాలి.

అమెరికాలో ఆన్‌లైన్‌లో ఇళ్లు చూపించే జిల్లో లాంటి సంస్థలు కొన్ని ఏర్పాట్లలో ముందు డబ్బు తీసుకోకుండా, ఇల్లు అమ్ముడయ్యాక కమీషన్‌లో వాటా తీసుకుంటాయి. అక్కడ కమీషన్ లైసెన్సు ఉన్న బ్రోకరు సంస్థ లెక్కల్లోంచే వెళుతుంది కాబట్టి వాటా ఎగ్గొట్టడం కష్టం. మన దగ్గర బేరం మాట మీద, కమీషన్ చాలాసార్లు చేతిలో. అందుకే ఇక్కడి సంస్థలు ముందే వసూలు చేసుకుంటాయి. అంటే బేరం కుదరకపోతే వచ్చే నష్టం అంతా మీవారిదే. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆయనకు ఇది బాగా అర్థం కావాలి.

ఇప్పుడు చేయాల్సిన పని. ఎనిమిదేళ్లలో యాభై కుటుంబాల దాకా మీవారి చేతుల మీదుగా ఇళ్లు, స్థలాలు కొనుక్కున్నారు. ఒక నోటుపుస్తకంలో ఆ పేర్లన్నీ రాయండి, ఎదురుగా ఆ బేరం ఎవరి ద్వారా వచ్చిందో రాయండి. నా దగ్గరికి వచ్చే ఏజెంట్ల పుస్తకాల్లో ఎక్కువ వరుసలు ‘ఫలానా వారు చెప్పి పంపారు’ అనే ఉంటాయి. మీ పుస్తకంలోనూ అలాగే ఉంటే, రోజుకు ఇద్దరికి ఫోన్ చేయమనండి. ఇల్లు ఎలా ఉంది, ఇంటి పన్ను రికార్డులో పేరు మారిందా అని అడిగి, అవసరమైతే ఆ పని చేసిపెట్టి, ఎవరైనా కొనాలనుకుంటుంటే చెప్పమనాలి. నెల తిరిగేసరికి యాభై మందీ పూర్తవుతారు. దీనికయ్యేది ఫోను ఖర్చే.

ఆ తర్వాత కూడా ఆయనకు మనసు అటే లాగితే, వచ్చే కమీషన్‌లోంచి 14,160 పక్కన పెట్టి ఒక్క నెలకు కట్టి చూడమనండి. నంబరు ఇంకెంతమందికి ఇస్తారు, తప్పు నంబరుకు బదులు ఇస్తారా, మా గుంటూరులో కొనేవాళ్లవేనా, ఈ మూడింటికీ జవాబు మెయిల్లో తీసుకోవాలి. ఆటోపే మాత్రం ఒప్పుకోవద్దు, ఆపడం మర్చిపోతే నెలనెలా డబ్బు పోతూనే ఉంటుంది. ఒక్క నెలకు ఇవ్వం అంటే అక్కడితో వదిలేయండి.

ఇంకో రెండు సంగతులు. రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద ప్రాజెక్టుల్లో అమ్మించే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, లేకపోతే రోజుకు 10,000 చొప్పున జరిమానా పడవచ్చు. మీవారికి ఆ నంబరు లేకపోతే ముందు డబ్బు దానికి పెట్టండి. లీడ్స్‌కు కట్టిన బిల్లులు కూడా దాచండి. చిన్న వ్యాపారులకు ఉండే అంచనా లాభం మీద పన్ను కట్టే సౌకర్యం కమీషన్ ఆదాయానికి వర్తించదు కాబట్టి, ఆధారం ఉన్న ఖర్చే రిటర్న్‌లో చూపించగలరు.

ఒక్క నెల ప్రయత్నిస్తే నాకు మళ్లీ రాయండి. 40 నంబర్లలో ఎంతమంది ఫోన్ ఎత్తారు, ఎంతమంది సైటు దాకా వచ్చారు, ఈ రెండు అంకెలు పంపండి. రెండో నెల కట్టాలో వద్దో అప్పుడు చెబుతాను.